ఆకుకి చిల్లులు ఉండనివ్వండి

అమెరికాలో మన తెలుగు సంఘాల పండగల్లో చిన్నపిల్లల బొమ్మల పోటీ అనగానే చేతికి ఒక అచ్చు కాగితం వస్తుంది. మధ్యలో పెద్ద సీతాకోకచిలుక, కింద మూడు పువ్వులు, మూలన సూర్యుడు. గీత దాటకుండా రంగు నింపాలి, దాటితే మార్కులు పోతాయి. నేను డాలస్ దగ్గర ఒక తెలుగు బడిలో ఆదివారాలు అయిదారేళ్ళ పిల్లలకి బొమ్మలు నేర్పిస్తాను. ఆ అచ్చు కాగితం మానేద్దామని చాలా రోజులుగా అడుగుతున్నాను, ఎందుకు అడుగుతున్నానో ఇక్కడ వివరంగా చెప్తాను.

సీతాకోకచిలుకల తోట గియ్యమంటే పిల్లలు పువ్వులే గీస్తారు, ఎందుకంటే మనం వాళ్ళకి చూపించింది పువ్వులే. పువ్వు దగ్గరికి అది తేనె తాగడానికి వచ్చి పోతుంది, అంతే. పుట్టి పెరిగే ఇల్లు మాత్రం ఆకు. టెక్సస్ మీదుగా అక్టోబరులో మెక్సికో కొండలకి వెళ్ళే మోనార్క్ అనే సీతాకోకచిలుకనే తీసుకోండి, దాని గొంగళిపురుగులు మిల్క్‌వీడ్ ఆకు తప్ప ఇంకేదీ తినవు కాబట్టి గుడ్లు కూడా ఆ మొక్క మీదే పెడుతుంది. ఆ మిల్క్‌వీడ్ మన జిల్లేడుకి చుట్టం, తుంచితే చాలా రకాల్లో అలాగే పాలు కారతాయి, కాయ పగిలితే అలాగే దూది గింజలు ఎగురుతాయి. ఊళ్ళో జిల్లేడు చెట్ల మీద తిరిగే నారింజ రంగు సీతాకోకచిలుక కూడా మోనార్క్‌కి దగ్గర బంధువే. ఈ మాట క్లాసులో చెప్తే, మనవరాలిని దింపడానికి వచ్చిన ఒక అమ్మమ్మగారు వెళ్ళకుండా కూర్చుని, చిన్నప్పుడు ఆ దూది గింజల వెనక పరిగెత్తిన కథంతా చెప్పారు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

అందుకే నా క్లాసు ఆకుతో మొదలవుతుంది. మిల్క్‌వీడ్ దొరక్కపోతే ఏం పరవాలేదు, మన ఇళ్ళలో కరివేపాకు కుండీ ఉంటుంది కదా. కరివేపాకు నిమ్మ జాతి మొక్క, ఎండాకాలంలో దాని మీద అచ్చం పిట్టరెట్టలా ఉండే ఒక పురుగు కనిపిస్తుంది. ముట్టుకుంటే తల దగ్గర్నుంచి నారింజ రంగు కొమ్ము బయటికి తీసి ఘాటుగా వాసన కొడుతుంది. అదే తర్వాత జయంట్ స్వాలోటెయిల్ అని ఇక్కడ పిలిచే, అరచెయ్యంత సీతాకోకచిలుక అవుతుంది. నేనూ మొదట్లో తెలియక వాటిని ఏరి పారేసేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కుండీ మధ్యలో పెట్టి పిల్లల్ని చుట్టూ కూర్చోబెడతాను. మొదటి పది నిమిషాలు పెన్సిల్ ఇవ్వను, చూడటమే పని. ఒకసారి ఒక బాబు, "ఆంటీ, ఈ ఆకుకి చిల్లులున్నాయి, వేరే మంచి ఆకు గియ్యనా?" అన్నాడు. "ఆ చిల్లుల ఆకే గియ్యి నాన్నా, ఎవరు తిన్నారో వెతుకు" అన్నాను. వెతికాడు, ఆకు అడుగున దొరికింది. ఆ రోజు వాడి కాగితం నిండా చిల్లులున్న ఆకులు, ఒక లావుపాటి పురుగు, అంతే. సీతాకోకచిలుక లేనే లేదు. వాళ్ళమ్మ కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ, ఆ నెలలో నేను చూసిన అన్ని బొమ్మల్లోకి నిజమైన సీతాకోకచిలుకల తోట అదే.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి పదమూడేళ్ళకే పట్టుపురుగుల్ని పెంచుతూ బొమ్మలు వేసింది. పురుగులు బురదలోంచి పుడతాయని చాలామంది నమ్మే కాలం అది. ఆమె మొక్క, గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక అన్నీ ఒకే కాగితం మీద గీసేది, కొరికిన ఆకుల్ని కొరికినట్టే. 52 ఏళ్ళ వయసులో కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్ దాకా ఓడెక్కి వెళ్ళింది ఇందుకోసమే.

ఇంకో సంగతి, మన భాషలోనే ఈ కథ ఉంది. గొంగళిపురుగులో గొంగళి ఉంది, సీతాకోకచిలుకలో కోక ఉంది. గరుకు గొంగళి కప్పుకున్నది చివరికి రంగుల కోక కట్టుకుని ఎగిరిపోతుందని చెప్తే, తెలుగు సరిగ్గా రాని పిల్లలు కూడా ఆ రెండు మాటలూ మర్చిపోరు.

సీతాకోకచిలుక గీసే వంతు వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని దిద్దించకండి, అడగండి చాలు. రెక్కలెన్ని? నాలుగు. ఎక్కడ అతుక్కున్నాయి? నాలుగూ ఒంటి మధ్యభాగానికే, తోకకి కాదు. మీసాల చివర ఏముంది? చిన్న గుండు. రెండు వైపులా ఒకేలా రావడం వాళ్ళకి కష్టంగా ఉంటే, కాగితం మడిచి ఒక సగం మీద తడి రంగు వేసి అద్దమనండి, లేదా అమ్మమ్మ చేత చుక్కల ముగ్గు పెట్టించండి. మోనార్క్ రెక్కల అంచున ఉండే తెల్లచుక్కలకి నేను వాడే ఉపాయం ఒకటుంది. ముందు తెల్ల క్రేయాన్‌తో గట్టిగా చుక్కలు పెట్టి, పైన నల్ల వాటర్ కలర్ పూయాలి. మైనం మీద నీళ్ళ రంగు నిలవదు, చుక్కలు మెల్లగా బయటపడతాయి. అప్పుడు పిల్లలు వేసే కేక కోసమే నేను ప్రతి ఏడూ ఈ పాఠం పెడతాను. సీతాకోకచిలుక ఇంటికంటే పెద్దదిగా వచ్చినా దిద్దొద్దు, ఆ వయసులో ఇష్టమైనదాన్ని పెద్దగానే గీస్తారు.

వచ్చే ఉగాదికి బొమ్మల పోటీ పెట్టే కమిటీ వాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. అచ్చు కాగితాలు వద్దు, తెల్ల కాగితాలు ఇవ్వండి, టేబుల్‌కి ఒక మొక్క కుండీ పెట్టండి. మా ఇంటి నుంచి నాలుగు కరివేపాకు కుండీలు నేను తెస్తాను, మందు కొట్టనివి.