ఓడోమీటర్‌కి అంత ధర పెట్టాలా?

మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 6 టొమ్మి మాకినెన్ ఎడిషన్ అనే పాత ర్యాలీ తరహా కారు ఎక్కడ అమ్మకానికి వచ్చినా ప్రకటనలో కారు ఫొటో పక్కనే ఓడోమీటర్ ఫొటో ఉంటుంది. పదివేల మైళ్లో పన్నెండువేల మైళ్లో చూపించి, తోటి కార్లకంటే బాగా ఎక్కువ ధర చెప్తారు. ఎందుకంత అని అడిగితే 2021 వేలం గురించి చెప్తారు. ఆ వేలం ధరని ప్రతి కారుకీ తగిలించడం అన్యాయమని నా అభిప్రాయం.

బ్రిటన్ మార్కెట్ నుంచి తప్పుకుంటూ మిత్సుబిషి యూకే విభాగం తన దగ్గర దాచుకున్న పాత కార్లన్నీ (హెరిటేజ్ కార్లు) ఆ ఏడాది వేలానికి పెట్టింది. అందులో ఎరుపు రంగు మాకినెన్ ఎడిషన్ 10,297 మైళ్లు మాత్రమే తిరిగింది. దానికి 1,00,100 పౌండ్లు పలికింది, అంటే అప్పటి లెక్కలో దాదాపు కోటి రూపాయలు. కానీ ఆ డబ్బు ఒక్క మైలేజీకి వచ్చిందా? కంపెనీ చేతిలోనే ఉన్న కారు, చరిత్రలో ఖాళీలు లేవు, పైగా కంపెనీ దుకాణం సర్దుకుంటున్న రోజులు, ఇక ఇలాంటిది దొరకదని కొనేవాళ్లకి తెలుసు. ఇవన్నీ కలిస్తేనే ఆ ధర. నలుగురి చేతులు మారి, మధ్యలో ఆరేళ్లు ఎక్కడుందో తెలియని కారుకి ఇవేవీ వర్తించవు, మీటర్‌లో ఎంత తక్కువ ఉన్నా సరే.

అసలు ఈ కారు ఎందుకు పుట్టిందో చూస్తే ఈ మైలేజీ పిచ్చి ఇంకా వింతగా అనిపిస్తుంది. గ్రూప్ ఏ ర్యాలీ నిబంధనల ప్రకారం పోటీలో దిగే కారుకి మూలమైన రోడ్డు మోడల్‌ని కనీసం 2,500 తయారుచేయాలి. 1997లో కొత్త డబ్ల్యూఆర్‌సీ (వరల్డ్ ర్యాలీ కార్) నిబంధనలు వచ్చాక సుబారు, ఫోర్డ్ లాంటివి అటు మారిపోయాయి, అలాంటి రోడ్డు కారు అమ్మాల్సిన బాధ వాటికి తప్పింది. మిత్సుబిషి మాత్రం 2001 దాకా గ్రూప్ ఏ పట్టుకునే వేలాడింది. అందుకే షోరూమ్‌లో అమ్మిన ఎవో (ఎవల్యూషన్‌కి పొట్టి పేరు)కీ ర్యాలీలో పరిగెత్తిన ఎవోకీ అంత దగ్గరి చుట్టరికం. ఫిన్లండ్ డ్రైవర్ టొమ్మి మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా 4 ప్రపంచ టైటిళ్లు కొట్టాడు. ఆ గౌరవంతో 2000లో ఈ ఎడిషన్ వచ్చింది. ముందు బంపర్ మార్చారు, సస్పెన్షన్ కిందికి దించారు, టర్బోలో టైటానియం టర్బైన్ పెట్టారు, తెల్లటి 17 అంగుళాల ఎంకై వీల్స్, రెకారో సీట్లు ఇచ్చారు. ఇంజిన్ అదే 2 లీటర్ల 4జీ63. జపాన్ కంపెనీలు తమలో తాము పెట్టుకున్న ఒప్పందం వల్ల కాగితం మీద 280 హార్స్‌పవర్ దాటలేదు. లోపల ప్లాస్టిక్ మాత్రం చవక కారుదే, అందులో మొహమాటమేం లేదు.

మన లాన్సర్‌కి ఇది దగ్గర చుట్టమే. హిందుస్థాన్ మోటార్స్ 1998 నుంచి చెన్నై దగ్గర తిరువళ్లూరులో తయారుచేసి అమ్మిన లాన్సర్ ఇదే తరానిది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో లాన్సర్ నడిపినవాళ్లు ఈ కారు డోర్లు చూసి వెంటనే గుర్తుపడతారు.

సరే, తక్కువ తిరిగితే తప్పేంటి అంటారా? ఇరవై ఏళ్లలో పదివేల మైళ్లంటే ఏడాదికి సగటున 800 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకి రెండుసార్లు వెళ్లిరావడానికి కూడా చాలదు. 4జీ63లో టైమింగ్ బెల్ట్‌తో పాటు ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌కి ఇంకో బెల్ట్ ఉంటుంది. బెల్ట్‌కి వయసు తెలుసు, మైళ్లు తెలియవు. అది తెగితే వాల్వులు వంగి ఇంజిన్ పోతుంది. నిలబెట్టి ఉంచిన కారులో సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోల్ పాడవుతుంది, టైర్లలో పట్టు ఉన్నట్టే కనిపిస్తుంది గానీ రబ్బరు గట్టిపడిపోతుంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పు సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఏవైసీ అనే వెనక డిఫరెన్షియల్ వ్యవస్థలో పంపు మొరాయిస్తే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. ఈ కార్లకి నాలుగైదు వేల మైళ్లకే సర్వీసు చేయించాలి. అందుకే అరవై వేల మైళ్లు తిరిగినా బిల్లులన్నీ ఫైల్‌లో ఉన్న కారు నాకైతే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది.

మీటర్ తిప్పేయడం మన దగ్గరే కాదు, బ్రిటన్‌లోనూ ఉంది. మనవాళ్లు సింగిల్ ఓనర్, డాక్టర్‌గారు వాడిన కారు అని చెప్పి అమ్మినట్టే వాళ్లూ వాళ్ల మాటలు వాళ్లు చెప్తారు. కాకపోతే చూసుకోవడానికి దారులున్నాయి. బ్రిటన్‌లో కారు రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే, ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో నమోదైన మైలేజీని నంబర్ ప్లేట్ కొడితే ప్రభుత్వ సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. జపాన్ నుంచి వచ్చేదైతే అక్కడి వేలంలో కారు పరిస్థితి రాసే వేలం షీట్ అడగాలి, దాని మీద గ్రేడు R అని ఉంటే దెబ్బతిని రిపేర్ అయిన కారు అని అర్థం. ఈ కాగితాలు చూపించకుండా ఓడోమీటర్ ఫొటో ఒక్కటే పెట్టేవాళ్లతో బేరం మొదలుపెట్టడమే దండగ.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇదంతా చూసి ఆనందించడం వరకే. మామూలుగా మూడేళ్లు దాటిన వాడిన కారుని దిగుమతి చేసుకోనివ్వరు. అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. అక్కడ 25 ఏళ్లు నిండిన కారుకి భద్రతా ప్రమాణాల అడ్డు తొలగిపోతుంది కాబట్టి, 2000లో తయారైన మాకినెన్ ఎడిషన్లకి 2025 నుంచి దారి తెరుచుకుంది. కాలిఫోర్నియాలో మాత్రం కాలుష్య నిబంధనల గొడవ విడిగా ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు తోడైతే ధరలు పైకే వెళ్తాయి, అమ్మేవాళ్లకీ అది తెలుసు. ఆ తొందరలో పడకుండా, ముందు బెల్టులు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమని అడగండి.