కర్నూలు నదిగట్టు రోడ్లు: వెడల్పు సరే, ఎత్తు సంగతేంటి?

కర్నూలులో రోడ్డు వెడల్పు మాట ఎత్తితే చాలు, అందరి చూపూ టేపు మీదికే పోతుంది. అరవై అడుగులా, ఎనభై అడుగులా? ఎవరి షాపు మెట్లు పోతాయి, ఎవరి మేడ సగానికి తెగుతుంది? ఆ లెక్కలు కావాల్సినవే. కాకపోతే రాజ్‌విహార్ సెంటర్ నుంచి హంద్రీ నది దాటి పాతబస్తీలోకి పోయే దారిలోనూ, నది గట్ల వెంబడి వేసే ఏ రోడ్డులోనూ ముందు తేలాల్సింది వేరే ఉంది. కొత్త రోడ్డు ఎంత ఎత్తున వస్తుంది? దాని వెనకాల నిలిచే నీళ్లు ఎటు పోతాయి?

2009 అక్టోబరు 2ను ఈ ఊరు ఇంకా మర్చిపోలేదు. కానీ ఆ వరద ఎలా వచ్చిందో ప్లాన్లు గీసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అటు తుంగభద్ర, ఇటు హంద్రీ, రెండింటి నడుమ పాతబస్తీ. పైన కురిసిన వానకు హంద్రీ పొంగింది. అది కలవాల్సిన తుంగభద్ర అప్పటికే నిండుగా ఉంది. కిందికి పోదామంటే శ్రీశైలం నిండిపోయింది. ఆ జలాశయం పూర్తి మట్టం 885 అడుగులైతే, ఆ వరదలో నీరు 896 అడుగులు దాటింది. వచ్చే నీరు 25 లక్షల క్యూసెక్కులు మించింది. పోయే దారి లేని హంద్రీ వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చింది. నది గట్టు తెంచుకుని మీద పడటం ఒక రకం. మురుగు కాలువల్లోంచి, కల్వర్టుల్లోంచి ఎదురెక్కి వీధుల్లోకి రావడం ఇంకో రకం. కర్నూలు రెండో రకానికీ భయపడాల్సిన ఊరు.

అందుకే గట్టు మీద నాలుగు వరుసల రోడ్డు వేసేస్తే రవాణా, వరద రక్షణ రెండూ ఒకే దెబ్బతో తీరిపోతాయన్న మాట వింటే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. ఎత్తైన రోడ్డు నదిని బయట ఆపుతుంది, నిజమే. లోపల కురిసిన వానను కూడా అంతే గట్టిగా లోపలే ఆపుతుంది. కాలనీల కాలువలన్నీ ఆ రోడ్డు కిందుగానే నదిలోకి దిగాలి కదా. నది మట్టం ఆ తూముల కంటే పైకి లేచిన రోజున వాటికి తలుపులు ఉండాలి. తలుపు పడ్డాక లోపలి నీటిని ఎత్తిపోయడానికి పంపులు, ఆ పంపులకు కరెంటు పోయినా ఆగని ఏర్పాటు ఉండాలి. వేసవిలో ఆ తలుపులకు గ్రీజు పెట్టే మనిషి ఎవరో, ఏ శాఖ జీతమిస్తుందో కూడా తేలాలి. నవ్వకండి, ఇలాంటివి చెడేది అక్కడే.

విజయవాడను చూస్తే సంగతి అర్థమవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినా, రిటైనింగ్ వాల్ ఉండబట్టి నది ఒడ్డునున్న కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది. అదే వరదలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. పెద్ద నదికి గోడ కట్టి, పక్కనున్న వాగును లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో ఊరంతా చూసింది. మన బుడమేరు హంద్రీయే. ఏడాదిలో చాలా నెలలు మురుగు పాయలా కనిపిస్తుంది కాబట్టి, దాని వెడల్పంతా ఖాళీ జాగాలాగే తోస్తుంది. పూడ్చి పిల్లర్లు దింపుదామన్న ఆలోచన పుట్టేది అందుకే. కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కట్టిన పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లు మాత్రం కాలువను హంద్రీ మీదుగా అక్విడక్టు, అంటే నీళ్లను మోసే వంతెన, కట్టి దాటించారు. ఎండిన వాగని దానికి అడ్డం పడలేదు.

ఇక ట్రాఫిక్. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే లారీ పాతబస్తీ సందుల్లోకి రాదు, దానికి 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఇక్కడ తిరిగే బండి ఇక్కడ ఆగడానికే వచ్చింది. పొద్దున్నే మినీ వ్యాను అడ్డంగా నిలిపి బస్తాలు దించుతుంటారు, దాని వెనక షేర్ ఆటో హారన్ కొడుతూ ఉంటుంది. ఆ పక్కనే ఉగ్గాని, బజ్జీ అమ్మే బండి చుట్టూ నలుగురు ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీదే నిలబడి తింటుంటారు. ఈ రోడ్డును ఇరవై అడుగులు వెడల్పు చేస్తే ఆ ఇరవై అడుగుల్లోనూ ఇంకో వ్యాను ఆగుతుంది. కాబట్టి సరుకు దించే జాగా, టైము, ఆటోల స్టాండు, బండ్ల వరుస ముందు గీసి, మిగిలినదే వాహనాలకు ఇవ్వాలి. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, షాపు బోర్డు పోగా అంత మిగిలే చోటు పాతబస్తీలో వెతకాల్సిందే.

రివర్‌ఫ్రంట్, అంటే నది ఒడ్డును షికారు జాగాగా తీర్చడం, అనగానే అహ్మదాబాద్ ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. సబర్మతిని అక్కడ 263 మీటర్ల వెడల్పుకు కట్టేసి, రెండు ఒడ్లా కలిపి పాతిక కిలోమీటర్లకు కాస్త తక్కువగా గట్లు తీర్చారు. నర్మద కాలువ నీళ్లతో నది నిండుగా కనిపిస్తుంది. హంద్రీకి అలా పోయడానికి మన దగ్గర ఏ నీళ్లున్నాయి? మురుగు ఆపకుండా ఒడ్డున బెంచీలు వేస్తే సాయంత్రం అక్కడ కూర్చునేవాళ్లు దోమలతో పోట్లాడటమే అవుతుంది. మురుగును మళ్లించే పైపు రోడ్డు కిందే పోవాలి కాబట్టి రెండు పనులూ కలిపి చేయడమే చవక. రోడ్డు వేశాక మళ్లీ తవ్వడం మనకు కొత్త కాదు, ఆ ఖర్చు ఈసారైనా తప్పించుకోవచ్చు.

భూమి విషయం అన్నిటికన్నా చిక్కు. రాష్ట్ర భవన నిర్మాణ నియమాల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల లోపు కట్టడాలు ఉండకూడదు. ఆ హద్దు తేల్చాల్సింది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. అది రాళ్లు పాతి చూపించకుండా ఆక్రమణల తొలగింపు మొదలుపెడితే, ముందు పోయేది గట్టు మీది రేకుల షెడ్డు. మేడలకు మాత్రం స్టేలు దొరుకుతాయి. పట్టా ఉన్నవాళ్లకు నగదుకు బదులు టీడీఆర్ బాండ్లు ఇస్తామంటారు, అంటే పోయిన జాగాకు బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు కాగితాలు. అపార్టుమెంట్లు జోరుగా లేచే ఊళ్లో వాటికి గిరాకీ ఉంటుంది గానీ, చిన్న షాపు సగం పోయినాయనకు ఆ కాగితం కొనేవాడు దొరికేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది? పట్టా లేని అద్దె వ్యాపారికి, తోపుడు బండికి ఆ కాగితం కూడా రాదు. వాళ్ల పేర్లు సర్వే దశలోనే రాసుకుని, మళ్లీ ఇదే దారిలో చోటు చూపకపోతే పని మొదలైన నెలకే కోర్టులో ఆగుతుంది.

కార్పొరేషను, కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఎవరు డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) చేయించినా, ముఖచిత్రం మీద వేసే రంగుల బొమ్మ కన్నా ముందు ఒక షీటు అడగాలి. నదికి అడ్డంగా కోసినట్టు గీసిన బొమ్మ అది. అందులో 2009 నీటి మట్టం, కొత్త రోడ్డు మట్టం, వెనక వీధిలో ఇళ్ల గడపల మట్టం, తూము అడుగు మట్టం పక్కపక్కన అంకెలతో ఉండాలి. దాన్ని టెండరు పిలవక ముందే తెలుగులో వార్డు సచివాలయాల గోడలకు అంటించాలి. ఆ నీళ్లు తమ ఇంట్లో ఎంతవరకు వచ్చాయో అక్కడి జనానికి బాగా తెలుసు, అంకె తప్పుంటే వాళ్లే చెబుతారు.