బాబాయి ఆపిన బండి

ఉత్తర వేల్స్‌లో పెన్‌మైన్‌మౌర్ స్టేషన్. ఒకవైపు క్వారీవాళ్లు తవ్వుకుంటూ పోయిన కొండ, ఇంకోవైపు హైవే, దానికి అవతల ఐరిష్ సముద్రం. మధ్యలో ఇరుక్కున్న ప్లాట్‌ఫాం మీద బాబాయి, పిన్ని, నేను. కాస్త ఎడంగా మెడలో కెమెరా వేసుకున్న ఒక స్థానిక తాతగారు. ఆయనకీ బాబాయికీ ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థం కాదు. అయినా బండ్ల నంబర్లతోనే చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు.

హోలీహెడ్ వెళ్లే రెండు పెట్టెల బండి ఇప్పుడే మా ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. తలుపులు మూసుకుని వెళ్లిపోయింది. గొడవంతా దాని గురించే.

బాబాయి: చూశావుటే? మనకోసం ఆపాడు.

పిన్ని: మనకోసం కాదు. మీరు చెయ్యి చాపారు కాబట్టి ఆపాడు.

బాబాయి: నేనూ అదేగా చెప్తున్నా! బండి పోతుంటే అంతా సవ్యమేనని చెయ్యి చాపి ఆల్‌రైట్ చూపించడం గార్డు ధర్మం. సర్వీసంతా చూపించా. ఆ చెయ్యి చాపిన తీరు చూసి డ్రైవరు పోల్చుకున్నాడు, ఎవరో మనవాడే అని.

పిన్ని: బిట్రగుంటలో మీరు ఆల్‌రైట్ చూపిస్తే బండ్లు కదిలేవి. ఇక్కడ ఆగింది. అక్కడే మీకు అనుమానం రావాలి.

బాబాయి: పోయే బండిని ఆపి మరీ పలకరించాడంటే ఎంత మర్యాద!

పిన్ని: పలకరించడమా? ఆ కండక్టరు అబ్బాయి తలుపు దగ్గర నిలబడి "ఎక్కుతారా" అన్నాడు. మీరు "ఇండియన్ రైల్వేస్, రిటైర్డ్" అన్నారు. పాపం మళ్లీ "ఎక్కుతారా" అన్నాడు. మీరు సెల్యూట్ కొట్టారు.

బాబాయి: అతనూ కొట్టాడు.

పిన్ని: నుదురు కొట్టుకున్నాడండీ.

బాబాయి పుస్తకం తీసి బండి నంబరు రాసుకున్నాడు. పక్కన బ్రాకెట్లో "ఆగింది" అని కూడా రాశాడు.

పిన్ని: ఇంట్లో పాలవాడి లెక్క ఒక్కనాడు రాసిన పాపాన పోలేదు. అదిగో, ఆ బోర్డు చదవండి. ఇది రిక్వెస్ట్ స్టాపట. ఎక్కేవాళ్లు డ్రైవరుకి కనబడేలా చెయ్యి చూపించాలి. దిగేవాళ్లు లోపల గార్డుకి ముందే చెప్పాలి. లేకపోతే బండి ఆగదు.

బాబాయి: చూశాలే ఆ బోర్డు. ఏదో భాషలో ఉంది.

పిన్ని: పైన వెల్షు, కింద ఇంగ్లీషు. కళ్లు కిందికి కూడా దించాలి.

బాబాయి: చెయ్యెత్తితే ఆగడానికి ఇదేమన్నా పల్లెవెలుగు బస్సా? రైలే ఇది! సిగ్నలుండాలి, లైన్ క్లియరుండాలి, స్టేషను మాస్టరు చెప్పాలి.

పిన్ని: ఇక్కడ స్టేషను మాస్టరే లేడు. ఉంటే ఈపాటికి మిమ్మల్ని లోపల కూర్చోబెట్టేవాడు.

నేను కల్పించుకుని, పిన్ని చెప్పింది నిజమే బాబాయ్, పక్కనున్న కాన్వీ స్టేషను కూడా ఇంతే అన్నాను. "నువ్వు కంప్యూటర్లవాడివి, నీకు రైల్వే ఏం తెలుసురా" అన్నాడు. తెలియదు నిజమే. పొద్దున బయల్దేరేముందు బాబాయి జేబులోంచి ఆకుపచ్చ గుడ్డ ఒకటి లాక్కున్నాను. అది పిన్ని జాకెట్టు ముక్క. జెండా లేకుండా స్టేషనుకి ఎలా వెళ్తామన్నది ఆయన వాదన. అది గనక చేతిలో ఉండుంటే ఆ డ్రైవరు ఏమైపోయేవాడో.

బాబాయి: ఒరేయ్, అసలు ఈ బండ్లు ఎవరివిరా?

నేను: ప్రభుత్వానివే బాబాయ్. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ వేల్స్. 2021లో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది.

బాబాయి: విన్నావా! సర్కారువాడికి సర్కారువాడంటే అభిమానం ఉండదూ?

పిన్ని: మీరు సర్కారువాళ్లని అతనికెలా తెలుసు? పెన్షన్ కాగితం నుదుటికి అంటించుకున్నారా?

బాబాయి: నిలబడే తీరులోనే తెలుస్తుంది.

పిన్ని: ఆ మోకాలితోనా! ఇలా రండి. కోటు గుండీ ఊడిపోయింది, గాలంతా లోపలికే పోతోంది. రాత్రికి దగ్గు మొదలైతే కషాయం కాచేది గార్డు కాదు, నేను.

బాబాయి: గార్డు కాదే, ట్రైన్ మేనేజరు. 2022లో రైల్వే బోర్డే పేరు మార్చింది.

పిన్ని: మీరు అంతకుముందే రిటైరయ్యారు. పేరు రైల్వే మార్చింది, గేటు మీద పెయింటు మాత్రం మీరు వేయించుకున్నారు.

ఇలా అంటూనే మఫ్లరు ఆయన చెవులకి రెండు చుట్లు చుట్టింది. ఇక ఆవిడ తిట్టేవి ఆయనకి వినపడవు. ఆ సంగతి ఆవిడకి తట్టినట్టు లేదు.

పులిహోర డబ్బా తెరిచాం. తాతగారికీ ఓ చెంచాడు పెట్టింది పిన్ని. ఆయన ముఖం ఎర్రబడింది, బొటనవేలు మాత్రం పైకెత్తి చూపించాడు. "చూశావా, ఆయనా ఆల్‌రైట్ చూపించాడు" అన్నాడు బాబాయి.

కడుపులో ఇంత పడగానే బాబాయికి పాఠం చెప్పాలనిపిస్తుంది. ఈ లైను రాబర్ట్ స్టీఫెన్‌సన్ వేశాడు, ఈ కొండ దగ్గర సముద్రం తోసుకొచ్చి కట్టిన గోడని పడగొట్టేసింది, అప్పుడాయన అలలు కిందినుంచి పోయేలా వయాడక్టు కట్టాడు, 1848 నుంచి ఐర్లాండు టపా బండి ఇటే నడిచింది, అంటూ మొదలుపెట్టాడు.

పిన్ని: అప్పుడు కూడా ఇక్కడ మీలాంటివాళ్లు చెయ్యి చాపుంటే టపా డబ్లిన్ చేరేది కాదు.

బాబాయి: అవతల బ్రిటానియా వంతెనుంది చూడు, 1850లో తెరిచారు. ఇనప గొట్టంలోంచి రైలు దూరిపోయేదట! 1970లో కుర్రాళ్లెవరో చీకట్లో వెలుతురు కోసం కాగడా పట్టుకుని లోపలికి దూరారు. మొత్తం తగలబడిపోయింది.

పిన్ని: పెద్దాళ్లేం చేస్తున్నారట? ఏ స్టేషన్లోనో నంబర్లు రాసుకుంటూ ఉండుంటారు.

బాబాయి: నీతో చరిత్ర మాట్లాడకూడదు. మళ్లీ కమాన్లు పెట్టి 1972లో బండ్లు నడిపారు. పైన కార్లకి ఇంకో అంతస్తు కూడా వేశారు. ఒరేయ్, వార్తలేంట్రా ఈ లైను మీద?

నేను: 175 రకం బండ్లని ఉండేవి బాబాయ్, 2023లో తీసేశారు. ఇప్పుడు నువ్వు ఆపింది 197 రకం. సౌత్ వేల్స్‌లో న్యూపోర్టు దగ్గర తయారుచేశారు. అదే ఏడాది, వంద కోట్ల పౌండ్లతో ఈ లైనుకి కరెంటు పెడతామని అప్పటి ప్రధానమంత్రి సునాక్ చెప్పాడు.

పిన్ని పైకి చూసింది. ఆకాశం తప్ప ఏమీ లేదు.

పిన్ని: తీగలేవిరా?

బాబాయి: హవ్వ, మన విజయవాడ గూడూరు లైనుకి ఎప్పుడో వేశారు!

ఆ సంతోషంలో ఉండగానే పట్టాలు మోగాయి. లండన్ నుంచి హోలీహెడ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్. 2024 నుంచి తిరుగుతున్న కొత్త హిటాచీ రైలు. బాబాయి లేచాడు, చెయ్యి చాపాడు. నేను ఆయన కోటు పట్టుకుని పసుపు గీత ఇవతలికి లాగాను. ఎక్స్‌ప్రెస్ ఏమాత్రం వేగం తగ్గించకుండా దూసుకుపోయింది. డబ్బా మూత ఎగిరిపోయింది.

పిన్ని: ఏమండీ, పోల్చుకోలేదా?

బాబాయి: అది ప్రైవేటు బండే. వాళ్లకి టైము ముఖ్యం, మనుషులు కాదు.

నేను: అది ఇక్కడ ఆగదు బాబాయ్. ఎవరు చెయ్యెత్తినా ఆగదు. దానికి ఇక్కణ్ణుంచి ఇక బాంగర్‌లోనే స్టాపు.

బాబాయి: అదేరా నేననేది. సర్కారు బండి ఆగింది, ప్రైవేటు బండి ఆగలేదు. ఇంకేం రుజువు కావాలి?

ఇంత పకడ్బందీగా ఎవరైనా తప్పుగా ఆలోచించగలరని నాకు అప్పుడే తెలిసింది. పిన్ని చెంగు బొడ్లో దోపింది. ఆవిడ అలా దోపిందంటే ఇక రాజీ లేనట్టే.

పిన్ని: సరే. వచ్చే సర్కారు బండికి మీరు చేతులు జేబుల్లో పెట్టుకోండి. నేను చూపిస్తా చెయ్యి. ఆగితే?

బాబాయి: ఆగదు.

పిన్ని: ఆగితే?

బాబాయి: నువ్వు చెప్పిందల్లా ఒప్పుకుంటా. గేటు మీద పేరు కూడా చెరిపేస్తా.

చాలాసేపు కూర్చున్నాం. చలికి పిన్ని ముక్కు ఎర్రబడింది. బాబాయి ఏం మాట్లాడకుండా మఫ్లరు విప్పి ఆవిడ ఒళ్లో పడేశాడు. "మీ చెమట వాసన" అంటూనే చుట్టుకుంది.

బండి కనబడింది. మళ్లీ రెండు పెట్టెలే. బాబాయి చేతులు జేబుల్లో కుక్కుకుని, సముద్రం వైపు తిరిగి, నాకేం సంబంధం లేదన్నట్టు నిలబడ్డాడు. పిన్ని పసుపు గీత వెనకే నిలబడి, గాజులు వెనక్కి తోసుకుని చెయ్యి చాపింది. బండి నెమ్మదించింది. సరిగ్గా ఆవిడ ముందు ఆగింది. తాతగారు చప్పట్లు కొట్టాడు.

పిన్ని: ఇప్పుడేమంటారు?

బాబాయి: అంటానికేముందే? రిటైరైన ఉద్యోగికి పాసుంటుంది. భార్యకీ ఉంటుంది. మర్యాద కూడా అంతే.

పిన్ని నోట మాట రాకపోవడం నా జన్మలో అదొక్కసారే చూశాను. ఈసారి కండక్టరు ఒక అమ్మాయి. తలుపు పట్టుకుని "ఎక్కుతారా" అంది.

పిన్ని: ఎక్కుతామమ్మా! రెండుసార్లు ఊరికే ఆపించి పంపిస్తే ఏం బాగుంటుంది? పదండి. టిక్కెట్లు లోపల కొందాం.

నేను: పిన్నీ, నా కారు ఇక్కడుంది!

పిన్ని: నువ్వు కారులో రా. పక్క స్టేషన్లో దిగుతాం. అదేదో లాన్‌వైర్‌వెఖన్. ఏమండీ, అదీ రిక్వెస్ట్ స్టాపేనట, ఎక్కగానే దిగాలని గార్డుకి చెప్పండి, మర్చిపోకండి!

బాబాయి: గార్డుకి చెప్పడమేంటే? నేనే గార్డుని.

తలుపులు మూసుకున్నాయి.

కారు తీసుకుని లాన్‌వైర్‌వెఖన్ వెళ్లాను. ప్లాట్‌ఫాం ఖాళీ. బండి ఇక్కడ ఆగలేదని ఎదురుచూస్తున్న ఆవిడ ఒకరు చెప్పారు. కాసేపటికి ఫోను మోగింది.

పిన్ని: ఒరేయ్, బాంగర్‌లో ఉన్నాం. తొందరగా రా నాయనా, మీ బాబాయి ఇక్కణ్ణుంచి కదలనంటున్నాడు.

నేను: ఏమైంది? మోకాలా?

పిన్ని: మోకాలు కాదురా, చెయ్యి. చాపినప్పుడల్లా బండి ఆగుతోంది. ఇప్పుడు లండన్ బండి కూడా ఆగింది.