తలుపు తీయని ఇంటి లెక్క

విశాఖ మధురవాడలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఈ మధ్య సర్వే వివరాలు అడిగి రాసుకునే ఒక ఎన్యూమరేటర్ ట్యాబ్ పట్టుకుని ముప్పావు గంట నిలబడటం చూశాను. వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో ఒక్కో ఫ్లాట్‌కూ ఫోన్ చేస్తున్నాడు. ఒకటి తాళం, ఒకటి ‘ఆదివారం రమ్మను’, మరొకటి ఎత్తనే లేదు. ఆర్థిక సర్వేల విశ్వసనీయతపై మనం చేసే చర్చలో ఈ ముప్పావు గంటకు చోటు దొరకదు. చర్చంతా ఎంతమందిని అడిగారన్న చోటే ఆగిపోతుంది.

నిజానికి అక్కడ భయపడాల్సింది తక్కువ. యాదృచ్ఛికంగా ఎంచిన 1,000 మందిని అడిగితే శాతాల లెక్కలో పొరపాటు సాధారణంగా అటూ ఇటూ దాదాపు 3 పాయింట్ల లోపే ఉంటుంది. దాన్ని సగం చేయాలంటే 4,000 మంది కావాలి. జనాభా విశాఖ నగరమంతైనా, దేశమంతైనా ఈ లెక్క దాదాపు మారదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే 2,61,953 కుటుంబాలను కలిసి, తలసరి నెల ఖర్చు గ్రామాల్లో రూ.4,122, పట్టణాల్లో రూ.6,996 అని తేల్చింది. దేశస్థాయి సగటుకు ఆ సంఖ్య తక్కువేమీ కాదు.

చిక్కు ఆ సంఖ్య నిండిన తీరులో ఉంది. ఎంపికైన కుటుంబం దొరకకపోయినా, కాదన్నా, అదే వర్గంలోంచి మరో కుటుంబాన్ని తీసుకుంటారు. పట్టణ కుటుంబాలను కారు ఉందా, ఉంటే ధరెంత అన్నదాన్ని బట్టి వర్గాలు చేశారు కాబట్టి కొంత జాగ్రత్త ఉన్నట్టే. అయినా ఖరీదైన కారున్న ఇళ్లలో తలుపు తీసినవారూ తీయనివారూ ఒకేలా ఖర్చు పెడతారని నమ్మడం కష్టం. నమూనా పెద్దదైనకొద్దీ ఈ వంకర తగ్గదు, మరింత కచ్చితంగా కనిపిస్తుంది, అంతే.

కంచరపాలెం వైపు వెళ్తే తలుపు తెరిచే ఉంటుంది, జవాబే ముడుచుకుంటుంది. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటినా, పేరు మీద కారున్నా పథకాలు ఆగిపోయిన అనుభవం తెల్లకార్డుదారులకు ఉంది. ‘నెలకు ఎంత ఖర్చవుతుందమ్మా’ అన్న ప్రశ్న వాళ్ల చెవికి ‘కార్డు ఉంచాలా, తీసేయాలా’ అన్నట్టే వినిపిస్తుంది. ఆ భయంతో తగ్గించి చెప్పేవారిని నేను తప్పుపట్టలేను.

అడిగే రోజు కూడా జవాబును మారుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. మే నెలలో ఫిషింగ్ హార్బర్ దగ్గర వల బాగుచేసుకుంటున్న మనిషిని ‘గత 7 రోజుల్లో ఏం పని చేశారు’ అని అడిగితే, ‘పనెక్కడిదండీ, వేట లేదుగా’ అంటాడు. సొంత వల బాగుచేసుకోవడం కూడా పనే కదా అని రెండో ప్రశ్న వేసే ఓపిక ఎన్యూమరేటర్‌కు ఉంటేనే ఆ మనిషి లెక్కలో సరైన గడిలో పడతాడు. అందుకే ఏడాది పొడవునా నమూనాను పరిచి సర్వే చేస్తారు.

బ్రిటన్‌లో శ్రామిక సర్వేకు స్పందన 20 శాతం లోపుకు పడిపోవడంతో 2023 అక్టోబరులో ఆ గణాంకాల విడుదలనే కొంతకాలం నిలిపివేశారు. అక్కడ జనం జవాబివ్వడం లేదన్న సంగతి బయటపడింది. మన దగ్గర ప్రత్యామ్నాయ కుటుంబంతో ఖాళీ పూడ్చేయడం వల్ల అది పైకి కనబడదు. మొదటి కుటుంబాన్ని ఎందుకు మార్చారో ఎన్యూమరేటర్ షెడ్యూలులో, అంటే ప్రశ్నల పత్రంలో రాస్తారు; ముడి డేటా తవ్వే పరిశోధకులకు తప్ప అది ఎవరికీ పట్టదు. 2025 జనవరి నుంచి, నిరుద్యోగ రేటును లెక్కగట్టే మన శ్రామిక శక్తి సర్వేలో జిల్లానే నమూనా ఎంపికకు ప్రాథమిక యూనిట్ చేశారు. అలాంటప్పుడు విశాఖ జిల్లాలో ఎన్ని ఇళ్లను మార్చాల్సి వచ్చిందో, ఎందుకో, నిరుద్యోగ రేటు పక్కనే ఒక వరుసలో అచ్చువేయడానికి అడ్డేమిటి?