టౌన్‌షిప్‌కి పోటీ చేసి ఏం ఉద్ధరిస్తారట?

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో నవంబరు ఎన్నికలు దగ్గర పడేసరికి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. (టౌన్‌షిప్ అంటే ఇక్కడ ఊరి స్థానిక ప్రభుత్వం, మన మునిసిపాలిటీ లాంటిది.) సారాంశం ఇది: "మార్పు తెస్తామంటూ టౌన్‌షిప్ ఎన్నికల్లో నిలబడేవాళ్లను నమ్మకండి. టౌన్‌షిప్ చేతిలో చెత్త బండ్లు, రోడ్డు గుంతలు తప్ప ఏమీ ఉండవు. టాక్స్ ఎవరూ తగ్గించలేదు, తగ్గించలేరు. ఒక్కడు గెలిచినా మిగతావాళ్లు నోరు మూయిస్తారు. పార్టీ అండ లేకపోతే గెలవనే గెలవరు. అయినా మనలో చాలామందికి ఓటే లేదు, మనకెందుకీ గోల?" కింద ఒక దండం బొమ్మ.

ముందే చెప్పేస్తాను, నేను ఒకసారి మా టౌన్‌షిప్ కమిటీకి పోటీ చేసి ఓడిపోయినవాణ్ణి. కాబట్టి ఈ మాటలు నాకు కాస్త గుచ్చుకుంటాయి. వీటిలో నిజం బొత్తిగా లేదని కూడా అనను. ఉన్నచోట ఒప్పుకుంటాను.

చెత్త బండ్లు, గుంతలు అన్న మాటతో మొదలుపెడదాం. మీ ఇంటి వెనక ఖాళీగా ఉన్న స్థలంలో వేర్‌హౌస్ రావాలా, ఇళ్లు రావాలా, ఏమీ రాకూడదా? ఇది వాషింగ్టన్‌లో తేలే విషయం కాదు, రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో కూడా చాలావరకు కాదు. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే స్థానిక చట్టాన్ని, అంటే జోనింగ్ ఆర్డినెన్స్‌ను, ఆమోదించేది మీ టౌన్‌షిప్ పాలకవర్గమే. కట్టడాల దరఖాస్తులు చూసే ప్లానింగ్ బోర్డులో మేయర్‌కి ఒక సీటు, పాలకవర్గ సభ్యుడికి ఒక సీటు చట్టప్రకారమే ఉంటాయి. 2021లో గంజాయి అమ్మకాలను రాష్ట్రం చట్టబద్ధం చేసినప్పుడు, మా ఊళ్లో దుకాణాలు వద్దని చెప్పుకోవడానికి మునిసిపాలిటీలకు ఆ ఏడు ఆగస్టు 21 దాకా గడువిచ్చారు. రాష్ట్రంలో ఎక్కువ ఊళ్లు వద్దన్నాయి. ఎక్కడికక్కడ ఆ ఓటు వేసింది ఈ "చెత్త బండ్ల" సభ్యులే.

ఇక్కడే ఓటర్లకీ అభ్యర్థులకీ కూడా సరిగా తెలియని మెలిక ఒకటి ఉంది. వేర్‌హౌస్ కట్టడానికి దరఖాస్తు పడిన రోజున ఏ ఆర్డినెన్స్ అమల్లో ఉందో ఆ దరఖాస్తుకి అదే వర్తిస్తుంది. తర్వాత రూలు మార్చినా, దాదాపు ఎప్పుడూ, లాభం ఉండదు. 2011 నుంచి రాష్ట్రంలో ఇదే పద్ధతి. జనం మాత్రం బుల్‌డోజర్ కనిపించాక మేలుకుంటారు, టీషర్టులు వేయించుకుని సమావేశానికి వస్తారు, మేయర్ మీద అరుస్తారు. అప్పటికి మేయర్ చేయగలిగింది తక్కువ. వాళ్లు ఇంటికెళ్లి "చూశారా, టౌన్‌షిప్ వల్ల ఏమీ కాదు" అంటారు. నా లెక్కలో ఈ మెసేజ్ పుట్టింది అలాంటి రాత్రే. అధికారం ఉంది, దాన్ని రెండేళ్ల ముందు వాడుకోవాల్సింది.

ఇంకొకటి. పెద్ద బిల్డర్‌తో టౌన్‌షిప్ ఒక ఒప్పందం చేసుకోవచ్చు, దాన్ని పైలట్ (పేమెంట్ ఇన్ లూ ఆఫ్ టాక్సెస్) అంటారు. మామూలు ప్రాపర్టీ టాక్స్ బదులు వాళ్లు ఏటా ఒక మొత్తం కడతారు. దీర్ఘకాలిక ఒప్పందమైతే 30 ఏళ్ల దాకా నడవచ్చు. వచ్చిన దాంట్లో 5 శాతం కౌంటీకి (మన జిల్లా లాంటిది) పోతుంది, మిగతా 95 శాతం టౌన్‌షిప్ దగ్గరే ఉంటుంది. మామూలు టాక్స్‌లోలా బడికి వాటా ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఆ బిల్డర్ కట్టిన ఇళ్లలో ఉండే పిల్లలు మాత్రం అదే బడికి వస్తారు. ఇలాంటి ఒప్పందం మంచిదయ్యే ఊళ్లూ ఉన్నాయి, పాడుబడిన ఫ్యాక్టరీ స్థలాన్ని లేపాలంటే ఒక్కోసారి ఇదే దారి. కానీ ఐదుగురు చేతులెత్తి 30 ఏళ్ల లెక్కను తేల్చేసే పనిని గుంతలు పూడ్చడంతో సమానమని అనగలమా?

టాక్స్ మాటకొస్తే, మెసేజ్ రాసినాయన ఇక్కడ సగం కరెక్టు. 2024లో న్యూజెర్సీ సగటు ప్రాపర్టీ టాక్స్ బిల్లు 10 వేల డాలర్లు దాటింది. ఆ బిల్లు టౌన్‌షిప్ పేరుతో వస్తుంది, టౌన్‌షిప్ టాక్స్ కలెక్టరే వసూలు చేస్తాడు. దాంతో తిట్లన్నీ ఆయనకే. నిజానికి రాష్ట్ర సగటున సగానికి పైగా బడికి పోతుంది, కౌంటీకి ఒక భాగం పోతుంది, టౌన్‌షిప్‌కి మిగిలేది మూడో వంతు కూడా ఉండదు. ఆ మిగిలిన దాంట్లో కూడా పోలీసుల జీతాలు, పెన్షన్లు, ఇన్సూరెన్సు, పాత అప్పులు ఉంటాయి. వసూలు చేసే మొత్తం ఏటా 2 శాతానికి మించి పెరగకూడదని 2010లో చట్టం చేశారు, కానీ అప్పులు, పెన్షన్ల లాంటి వాటికి అందులో మినహాయింపులున్నాయి. కాబట్టి "నన్ను గెలిపిస్తే మీ టాక్స్ సగం చేస్తా" అన్నవాడు కనిపిస్తే తలుపు వేసేయండి. అది మా పార్టీ వాడైనా సరే.

అయితే టాక్స్ సగం కాలేదు కాబట్టి మార్పు అన్నమాటే అబద్ధం అనడం అన్యాయం. జనవరి మొదటి వారంలో టౌన్‌షిప్ కమిటీ కొత్త ఏడాది తొలి సమావేశం పెడుతుంది. ఆ రోజు అజెండా తీసి చూడండి. లాయరు, ఇంజినీరు, ఆడిటరు, ఇంకా ఒకరిద్దరు కన్సల్టెంట్లు, వరసగా నియామకాల తీర్మానాలు ఉంటాయి. వృత్తి నిపుణుల పనికి టెండర్లు పిలిచి తీరాలన్న షరతు చట్టంలో లేదు, తీర్మానం సరిపోతుంది. ఏళ్ల తరబడి అవే ఆఫీసుల పేర్లు వస్తుంటే, గంటకు ఎంత తీసుకుంటున్నారు, పక్క ఊళ్లో ఎంతకు చేస్తున్నారు అని అడిగే మనిషి ఒక్కడుంటే గదిలో గాలి మారుతుంది. నేను ఆ అజెండాలు చదవడం మొదలుపెట్టాకే పోటీ చేయాలన్న ఆలోచన వచ్చింది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది.

"ఒక్కడు గెలిచి ఏం చేస్తాడు?" నిజమే, బలపరిచేవాళ్లు లేకపోతే ఒక్కడి తీర్మానం అక్కడికక్కడే చచ్చిపోతుంది. కానీ టౌన్‌షిప్ పద్ధతిలో నడిచే ఊళ్లలో లెక్క ఎలా ఉంటుందో చూడండి. కమిటీలో ముగ్గురో ఐదుగురో ఉంటారు, పదవీకాలం మూడేళ్లు, ఏటా ఒకటి రెండు సీట్లకు ఎన్నిక. ముగ్గురుండే చోట ఏడాదికి ఒక సీటు. ఐదుగురుండే చోట రెండు, రెండు, ఒకటి. అంటే ఏ రెండు నవంబర్లు కలిపినా మెజారిటీ మారిపోవచ్చు. మేయర్‌ని ఎన్నుకునేది కూడా ఆ కమిటీ సభ్యులే, తమలో ఒకరిని. అమెరికా కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, మెజారిటీ తిప్పడానికి దేశమంతా కొట్టుకుంటుంది, ఇక్కడ రెండు వరస ఎన్నికలు చాలు. అందరికీ ఒకే పద్ధతి లేదన్నది గుర్తుంచుకోండి. ఊళ్లు తమ పాలన పద్ధతిని ఎంచుకునే వీలిచ్చే ఫాక్‌నర్ చట్టం కింద మేయర్‌ని నేరుగా ఎన్నుకునే టౌన్‌షిప్‌లు కూడా ఉన్నాయి, ఎడిసన్ అలాంటిదే.

ఏదీ మారదంటారా, ప్రిన్స్‌టన్‌లో ఊరి హద్దే మారింది. అక్కడ బరో (అదీ ఒక రకం మునిసిపాలిటీయే) వేరు, టౌన్‌షిప్ వేరుగా ఉండేవి. కలపాలన్న ప్రయత్నాలు అంతకుముందు ఓడిపోయాయి. 2011 నవంబరులో రెండు చోట్లా జనం ఒప్పుకున్నారు, 2013 జనవరి 1 నుంచి ఒకే ఊరు.

పార్టీ అండ గురించి చెప్పింది నిన్నటిదాకా చాలావరకు నిజం. 21 కౌంటీల్లో 19 చోట్ల ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) బ్యాలట్‌లో పార్టీ పెద్దలు దీవించినవాళ్లందరి పేర్లు ఒకే వరసలో వచ్చేవి, మిగతావాళ్లు ఎక్కడో మూలకు పోయేవారు. దీన్నే లైన్ అనేవారు. అప్పుడు అమెరికా సెనేట్‌కి పోటీ చేస్తున్న డెమొక్రాట్ ఆండీ కిమ్ కోర్టుకెళ్లారు. 2024 మార్చి 29న ఫెడరల్ జడ్జి ఆ జూన్ డెమొక్రటిక్ ప్రైమరీకి లైన్ వద్దన్నారు, 2025లో రాష్ట్ర చట్టమే మారింది. ఇప్పుడు పదవి వారీగా పేర్లుంటాయి. పార్టీ డబ్బు, పార్టీ మనుషుల బలం పోలేదు, అది వేరే సంగతి. ఇండిపెండెంట్‌గా నిలబడాలంటే సంతకాల పిటిషన్‌ను జూన్ ప్రైమరీ రోజు సాయంత్రం 4 గంటల్లోపు ఇవ్వాలి. సెప్టెంబరులో ఉత్సాహం వచ్చి నాకు ఫోన్ చేసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. అప్పటికి మూడు నెలలు ఆలస్యం.

చివరిగా "మనకు ఓటు లేదు" అన్నది. పౌరసత్వం లేకుండా ఓటు వేయకూడదు, పేరు నమోదు చేసుకోకూడదు, పోటీ చేయకూడదు. పొరపాటున ఏ ఫారంలోనో సిటిజన్ అని టిక్కు పెట్టినా మెడకు చుట్టుకుంటుంది, దేశం నుంచి పంపేసే దాకా వెళ్లొచ్చు. హెచ్ వన్ బీ మీద ఉన్నవాళ్లు టౌన్‌షిప్ అభ్యర్థికి పది డాలర్లు కూడా చందా ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. ఇంతవరకూ కఠినమే. కానీ జీతం తీసుకోకుండా వాలంటీరుగా తలుపులు తట్టొచ్చు, కాకపోతే ప్రచారం నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు. సమావేశంలో ప్రజలు మాట్లాడే సమయంలో నిలబడి మాట్లాడటానికి ఎవరూ పాస్‌పోర్టు అడగరు. పౌరసత్వం వచ్చి ఆ ఊళ్లో ఏడాది కాపురం ఉంటే పోటీ చేయొచ్చు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌తోనే మొదలుపెట్టారు. 2000లో అక్కడ మేయర్ అయ్యారు, 2002 నుంచి 2014 దాకా రాష్ట్ర అసెంబ్లీలో ఉన్నారు.

మెసేజ్‌లో లేదు కానీ ఫోన్లో అందరూ అడిగేది ఇంకొకటుంది: "నీ పేరు కూడా పలకలేనివాళ్లు నీకు ఓటేస్తారా?" నేను ప్రచారంలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన నన్ను మూడు రకాల పేర్లతో పిలిచి, తన వీధి చివర వానొస్తే పొంగే కాలువ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఓటేశాడో లేదో నాకు తెలీదు. ఓడిపోయాక జనవరి సమావేశానికి వెళ్లి, నాకిచ్చిన మూడు నిమిషాల్లో ఆ కాలువ సంగతే చెప్పాను. ఇంజినీరు వెళ్లి చూసొచ్చాడు. పైపు మార్చడానికి ఆ ఏటి బడ్జెట్‌లో డబ్బు పెట్టారు. దానికి చేతులెత్తినవాళ్లలో నన్ను ఓడించినాయన కూడా ఉన్నాడు.