విద్యార్థి పైలట్‌కు మనం నేర్పని నిర్ణయం

తేలికపాటి శిక్షణ విమానం రన్‌వే మీద ఎగిరెగిరి పడి, ముక్కు చక్రం విరిగి, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుని ఆగిపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ‘విద్యార్థి పైలట్ తప్పిదం’ అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. విద్యార్థి ప్రాణాలతో బయటపడితే ఆ మాట మరింత తేలికగా వస్తుంది. అది దేన్నీ వివరించదన్నదే నా వాదన. చేతులు పొరబడిన మాట నిజమే. ఆ చేతులకు ఏం నేర్పామన్నది ఎవరూ అడగడం లేదు.

సెస్నా 172 వంటి చిన్న శిక్షణ విమానాన్ని సుమారు 65 నాట్ల (గంటకు దాదాపు 120 కిలోమీటర్ల) వేగంతో రన్‌వే వైపు తీసుకురావాలి. ఎత్తు ఎక్కువైందని ముక్కు వంచడం వల్ల విద్యార్థి 75 నాట్లతో వచ్చారనుకుందాం. పది నాట్లే కదా అనిపిస్తుంది గానీ, గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక విమానం వదిలించుకోవలసిన శక్తి దాదాపు మూడో వంతు పెరిగిపోయింది. నేలకు దగ్గరయ్యే కొద్దీ గాలి ఈడ్పు తగ్గుతుంది కాబట్టి విమానం దిగకుండా తేలుతూనే సాగుతుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారులో విద్యార్థి దాన్ని బలవంతంగా నేలకు ఆనిస్తారు, అది పైకి లేస్తుంది. లేచిన ముక్కును కిందికి నెడితే ప్రధాన చక్రాలకంటే ముందు బలహీనమైన ముక్కు చక్రం తగులుతుంది. చేతి కదలిక విమానం కదలిక కంటే ఒక క్షణం వెనకబడుతుంది కనుక ప్రతి గెంతూ ముందుదాని కన్నా ప్రమాదకరమవుతుంది.

ఈ గొలుసులో మొదటి గెంతు దాకా ప్రతి చోటా ఒక దారి తెరిచే ఉంది: ఇంజిన్ శక్తిని పెంచే థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి మళ్లీ పైకి వెళ్లిపోవడం, అంటే గో-అరౌండ్. దాన్ని విద్యార్థి ఎందుకు ఎంచుకోరు? శిక్షణలో చాలాసార్లు ఆ ఆదేశం పక్క సీటులోని ఇన్‌స్ట్రక్టర్ నుంచే వస్తుంది. విద్యార్థి ఆదేశాన్ని పాటించడం నేర్చుకుంటారు, నిర్ణయించడం కాదు. ఒంటరిగా ఎగిరే రోజున ఆ గొంతు ఉండదు. పైగా ఇది చేతికి సులువైన పని కాదు. పూర్తి శక్తి ఇవ్వగానే ముక్కు బలంగా పైకి లేస్తుంది, విమానం ఎడమకు తిరగబోతుంది, దాన్ని ఆపడానికి కుడి రడ్డర్ (తోక చుక్కాని) పెడల్‌ను కాలితో నొక్కి పట్టాలి. దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలను, అంటే ఫ్లాప్స్‌ను, ఒక్కసారిగా ముడిస్తే విమానం కిందికి జారుతుంది. అలవాటు లేని చేతికి ఆ రెండు మూడు సెకన్లు చాలవు.

విమానంలో ఉన్న పైలట్‌దే తుది బాధ్యతని, సరిగా చేయని గో-అరౌండ్ కూడా ప్రమాదాలకు దారితీస్తుందని అనేవారున్నారు. రెండూ ఒప్పుకుంటాను; రెండోది ఎక్కువ సాధన కావాలన్న నా మాటకే బలమిస్తుంది. ఇక బాధ్యత విషయానికొస్తే, ప్రమాద దర్యాప్తు ఏకైక లక్ష్యం నివారణేనని, నింద మోపడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధమే చెబుతోంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. ఆ విద్యార్థి విమానం ఎక్కడానికి ముందు ఎన్నో ఏళ్లు తరగతి గదుల్లో గడిపిన మనిషి. మొదలుపెట్టిన జవాబును కొట్టేసి మళ్లీ రాస్తే సమయం పోతుందని, సగంలో ఆగితే మార్కులు రావని ఆ గదులు నేర్పాయి. ‘ఈ ప్రయత్నం చెడింది, మళ్లీ మొదలుపెడతాను’ అన్న పిల్లవాడిని మెచ్చుకున్న ఉపాధ్యాయులు ఎందరు? పూర్తిచేసిన పనినే లెక్కించే చదువు, చెడిన పనిని కూడా పూర్తిచేసి తీరాలన్న పట్టుదలను పెంచుతుంది. రన్‌వే మీద ఆ పట్టుదల లోహాన్ని విరుస్తుంది.

అందుకే సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, అనుమతించే ముందు, ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాటా అనకుండా కూర్చుని ఉండగా, విద్యార్థి తనంతట తానే చెడిన ల్యాండింగ్‌ను గుర్తించి పలుమార్లు వదిలేసి పైకి వెళ్లాలి. చక్రాలు తాకాక లేచిన గెంతు నుంచి కూడా ఒక్కసారైనా అలా వెళ్లి చూపాలి. ఆ ప్రయత్నాలన్నీ ల్యాండింగ్‌ల లెక్క పక్కనే, అంతే గౌరవంతో, విద్యార్థి ఎగిరిన వివరాలు రాసే లాగ్‌బుక్‌లో నమోదు కావాలి.