పెళ్ళికి వచ్చినట్టు రండి

మొన్న సంక్రాంతికి ముందు గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో మన ప్రవాసుల సంఘం పెట్టిన ఆత్మీయ సమ్మేళనానికి మీలో చాలామంది వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, సేవా కార్యక్రమాల వీడియో అయ్యాక సన్మానాలు మొదలయ్యాయి. ఐదో పేరు మా చిన్న పిన్ని కూతురిది. సన్మాన పత్రంలో ఇలా చదివారు: "ఎన్నికల బరిలో నిలిచి, అనంతరం తిరిగి తన బిడ్డల పెంపకానికే అంకితమైన ఆదర్శ మాతృమూర్తి." అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి దింపేశారు. మైకు ఇవ్వలేదు. ఆమె తర్వాత వేదికెక్కిన ముగ్గురు నాయకులు తలా పావుగంట మాట్లాడారు.

మాట్లాడమంటారేమోనని చెల్లి నాలుగు కాగితాలు రాసుకుని వచ్చింది. కుర్చీలోకి తిరిగొచ్చి వాటిని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం నేను పక్కనే కూర్చుని చూశాను. కారులో ఒక్క మాటే అంది. "నిలబడినందుకు కాదన్నయ్యా, మానేసినందుకు సన్మానం చేశారు."

ఆ పత్రం ముసాయిదా వారం ముందు కమిటీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను చదవకుండానే సరే అన్నాను. కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది, ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

చెల్లి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో గుంటూరు నగరం నుంచి ఇండిపెండెంటుగా నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆ నాలుగు కాగితాల్లో ఉంది. మిర్చి సీజన్‌లో కాయలకు తొడిమలు తీసే పనికి వచ్చే ఆడవాళ్ళు పసిపిల్లల్ని ఆ ఘాటులోనే, గోతాల పక్కనే పడుకోబెడతారు. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ ఘాటు సంగతి చెప్పక్కర్లేదు. ఆ పిల్లల కోసం నీడా నీళ్ళూ ఉన్న ఒక గది, చూసుకోవడానికి ఒక ఆయా కావాలని రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. శాసనసభలో అడిగితే తప్ప పని కాదని తేల్చుకుంది. రెండో కాగితం మంచినీళ్ళ గురించి. 2018లో అతిసారం ప్రబలి గుంటూరులో ప్రాణాలు పోయాయి కదా, అప్పటి నుంచి ఆమెకు కుళాయి నీళ్ళంటే భయం.

ప్రభుత్వ ఉద్యోగి అయి ఉంటే రాజీనామా చేయాల్సి వచ్చేది. ప్రైవేటు కాబట్టి జీతం లేని సెలవు మీద నిలబడగలిగింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు ఒక్కరు చాలు, ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. పదివేల డిపాజిట్, ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, భర్త ఆస్తులూ అప్పులతో సహా రాసిచ్చే అఫిడవిట్. ఇండిపెండెంటుకు గుర్తు దొరికేది ఉపసంహరణల గడువు ముగిశాకే, అంటే ఏప్రిల్ 29న. ప్రచారం మే 11 సాయంత్రంతో ఆఖరు. ఆ గుర్తును ఊరంతటికీ చూపించడానికి ఉన్నది పన్నెండు రోజులు.

ఆ పన్నెండు రోజులూ బడులు లేవు. ఏప్రిల్ 24నే వేసవి సెలవులిచ్చేశారు. ఉద్యోగం చేసే తల్లికి పగలు పెద్ద ఆసరా బడే, సరిగ్గా అప్పుడే అది మూతపడింది. మూడో తరగతి పాప రోజంతా ఇంట్లోనే. పెద్దవాడికి పోలింగ్ అయిన వారం పది రోజుల్లోనే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, ఈఏపీసెట్. బావ ఉద్యోగం హైదరాబాదులో, శనాదివారాలే వస్తాడు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, మేడ మెట్లు ఎక్కలేదు.

అప్పుడు నేను గుంటూరులోనే ఉన్నాను. నాది ఇంకా భారత పాస్‌పోర్టే. మిత్రులతో కలిసి న్యూజెర్సీ నుంచి ఒక పెద్ద పార్టీ ప్రచారానికి వచ్చి, కండువా వేసుకుని వ్యాన్ల వెంట తిరిగాను. చెల్లి ఇంటికి ఒక్కసారి భోజనానికి వెళ్ళాను. గోంగూర పచ్చడి, పెరుగన్నం తిని వచ్చాను. ఏదైనా సాయం కావాలా అని అడగాలని తోచలేదు. ప్రచారం ముగియడానికి ఐదు రోజుల ముందు తనే ఫోన్ చేసింది. "అన్నయ్యా, పాపకు జ్వరం. కొరిటెపాడులో ఇంకా రెండు వీధులున్నాయి. రెండు గంటలు ఇంట్లో కూర్చుంటావా?"

వెళ్ళాను. చెల్లి వాళ్ళుండే బ్రాడీపేటలో కరెంటు పోయింది. పాప నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే తలుపు కొట్టారు. పింఛను కాగితం పట్టుకుని ఒక పెద్దాయన, మేడమ్ గారున్నారా అని. ఆయన్ని పంపించేలోపు మంచినీళ్ళ క్యాన్ల అబ్బాయి. మర్నాడు ఖర్చుల రిజిస్టరు తనిఖీకి తేవాలని ఫోను. పెద్దవాడు కొవ్వొత్తి వెలుగులో ఫిజిక్స్ లెక్క తెచ్చి, "మామయ్యా, ఇది వస్తుందా?" అన్నాడు. రాలేదు. పాప మాత్రం అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది. చెల్లి తొమ్మిదింటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే పాప ఒళ్ళు తాకి చూసింది. పొద్దున్నకు ఇడ్లీ పిండి ఉందో లేదో చూసుకుని, రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది.

ఖర్చులు లెక్కగట్టడానికి అధికారులిచ్చిన రేట్ల పట్టిక ఆ రాత్రే చూశాను. టీకి రేటుంది, టిఫిన్‌కు ఉంది, కుర్చీకి, షామియానాకు ఉంది. ప్రచారానికి వెళ్ళిన అభ్యర్థి బిడ్డను కనిపెట్టుకుని ఉండే మనిషికి అందులో గడి లేదు. అసెంబ్లీ అభ్యర్థి నలభై లక్షల దాకా ఖర్చు పెట్టవచ్చని నిబంధన ఉంది కానీ, ఈ ఖర్చును ఎన్నికల ఖర్చుగా చూసే ఆలోచనే లేదు. అమెరికాలో 2018లో ఫెడరల్ ఎన్నికల కమిషన్, ప్రచారం వల్ల అయ్యే పిల్లల సంరక్షణ ఖర్చును ప్రచార నిధి నుంచే పెట్టుకోవచ్చని ఒక తల్లికి అనుమతిచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు శాసనసభ అభ్యర్థులకూ అలాగే ఒప్పుకున్నాయి. అరుణా మిల్లర్ పేరు వస్తే మనమంతా పొంగిపోతాం. హైదరాబాదులో పుట్టి అమెరికాలో పెరిగిన ఇంజనీరు, ముగ్గురు ఆడపిల్లల తల్లి, 2010లో మేరీలాండ్ శాసనసభకు గెలిచి 2023లో లెఫ్టినెంట్ గవర్నరైంది. అక్కడ గర్వపడే మనం మన బ్రాడీపేట పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంటికి తిరిగొచ్చావు, చాలా సంతోషం అన్నాం.

అవతలి మాటలోనూ న్యాయం ఉంది. సంఘం రాజకీయాలకు అతీతంగా ఉండాలని అధ్యక్షులు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే ముందు వరసలో నాయకుల్ని కూర్చోబెట్టి మైకు వాళ్ళకే ఇచ్చినప్పుడు ఆ నియమం గుర్తుకు రావాలి కదా. పిన్ని మాట ఇంకా బరువైనది. "పిల్లలు చిక్కిపోయార్రా" అంటుంది. నిజమే. చెల్లికి చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాలేదు, డిపాజిట్ పోయింది. పెద్దవాడికి అనుకున్న ర్యాంకూ రాలేదు. ఎన్నిక వల్లే అని ఎవరూ చెప్పలేరు, కాదని చెల్లీ అనదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది తనకు.

కానీ ఆ ఇల్లు అంత ఒంటరిగా ఎందుకుంది? అదే ఇంట్లో 2003లో చెల్లి పెళ్ళి జరిగింది. పిలవకముందే నలభైమంది దిగారు. కొట్టు గది తాళం చెవి మా అమ్మ కొంగున కట్టుకుంది. ఒక అత్తయ్య పిల్లలందరికీ వరసగా నీళ్ళు పోసేది. పక్కింటివాళ్ళు రెండు గదులు ఖాళీ చేసి ఇచ్చారు. పెళ్ళికూతురు వంటింటి వైపు తొంగి చూడాల్సిన అవసరం రాలేదు. ఇంత గొప్ప అలవాటు ఉన్నవాళ్ళం మనం. అదే మనిషి ఊరి కోసం పన్నెండు రోజులు బయటికి వెళితే, చుట్టాలు ఫోన్ చేసి పిల్లలెలా ఉన్నారని అడిగారు తప్ప ఒక్కరూ సంచీ సర్దుకుని రాలేదు. నేనూ రాలేదు.

చట్టసభల్లో మూడో వంతు స్థానాలు మహిళలకని 2023లో రాజ్యాంగాన్ని సవరించారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అమలవుతుంది. అప్పుడు నిలబడాల్సింది ఉద్యోగాలున్న, బడి పిల్లలున్న ఇలాంటి ఆడవాళ్ళే. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు అభ్యర్థికి డబ్బు ఇవ్వకూడదు, అది చట్టం. జ్వరం వచ్చిన మేనకోడలి పక్కన కూర్చోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మీ చుట్టాల్లో, ఏ పార్టీ వాళ్ళయినా సరే, తల్లి అయినా తండ్రి అయినా, ఉద్యోగం చేసుకుంటూ పోటీకి దిగితే రెండు వారాలు సెలవు పెట్టి ఆ ఇంటికి రండి. వంట చూడండి, పిల్లల్ని పరీక్షకు తీసుకెళ్ళండి. 2029లో చెల్లి మళ్ళీ నిలబడతానంటోంది. కొట్టు గది తాళం చెవి నాకిమ్మని ముందే అడిగాను.

కమిటీకి ఒక్క విన్నపం. ఆ నాలుగు కాగితాలు ఇంకా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. వచ్చే సమ్మేళనంలో ప్రార్థన గీతం అవగానే ఆమెను పిలిచి వాటిని చదివించండి. శాలువా అక్కర్లేదు.